పచ్చబడిన నీళ్ళు ఏం చెబుతున్నాయి?



పగారు, బోనసు, పి.ఎఫ్., గ్రాట్యుటీ – ఈ పత్రికలో ఎప్పుడూ వచ్చే విషయాలు ఇవి. ఈసారి నీళ్ళ గురించి రాస్తున్నాం. అందులోనూ నీళ్ళలో పెరిగే నాచు గురించి రాస్తున్నాం. "నాచుకీ యూనియన్‌కీ ఏం సంబంధం?" అని కొందరు మిత్రులు అడిగారు. సంబంధం ఉంది. పాళీ అంతా మగ్గం దగ్గర నిలబడే మనిషికి తాగే నీళ్ళు మంచివి కాకపోతే, కొట్లాడి తెచ్చుకున్న పగారు కాస్తా డాక్టరు దగ్గరికే పోతుంది. నీలం నగర్‌లో ఏ సందులో అడిగినా ఈ మాట నిజమని తెలుస్తుంది.

ఎండలు ముదిరితే నల్లా నీళ్ళలో పచ్చటి జీర, ఒక రకం మట్టి వాసన రావడం మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎన్నోసార్లు చూశారు. నాలుగైదు రోజులకొకసారి నల్లా రావడం మన ఊరికి ఏళ్ళ తరబడి అలవాటైపోయింది. కాబట్టి ప్రతి ఇంట్లో డ్రమ్ములు, హౌజులు నింపి పెట్టుకుంటాం. రెండో రోజుకే డ్రమ్ము లోపలి గోడకు జిగట పట్టుకుంటుంది. దీనిమీద మన బస్తీలో మూడు రకాల మాటలు వినబడుతున్నాయి. "పాచే కదా, పటిక తిప్పితే దిగిపోతుంది" అని ఒకరంటారు. "మన పెద్దలు చెరువు నీళ్ళే తాగారు, వాళ్ళకేమైంది?" అని ఇంకొకరంటారు. "ఉజని నుంచి కొత్త పైపులైను వేశారు కదా, ఇక బాధ లేదు" అని మూడోవారంటారు. ఈ మూడు మాటలకూ జవాబు చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాం.

తానును చూసి మగ్గాన్ని పట్టినట్టు

మిల్లులో పని చేసినవాళ్ళకు ఫోల్డింగ్ ఖాతా సంగతి తెలుసు. అక్కడ బట్ట చూసేవాడు మగ్గం దగ్గరికి పోడు. టేబులు మీద పరిచిన తానును చూస్తాడు. పోగు తెగిన చోటు, నూనె మరక, వరుస తప్పిన పేక – ఇవి చూసి ఏ మగ్గంలో ఏ లోపం ఉందో చెప్పేస్తాడు. జాబరు ఏం చెప్పినా, నేతగాడు ఏం చెప్పినా, తాను మాత్రం అబద్ధం చెప్పదు.

నదికి నాచు అలాంటి తాను. నీటిలో ఏమేమి కలిశాయో నాచును చూసి చెప్పవచ్చు. నీళ్ళను సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపితే, ఆ ఒక్క గడియలో నీళ్ళు ఎలా ఉన్నాయో మాత్రమే తెలుస్తుంది. రాత్రి పాళీలో మురుగు వదిలి, పగలు పది గంటలకు ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి గేటు మూసేస్తే సీసాలో నీళ్ళు బాగానే కనిపిస్తాయి. కాని నాచు రాత్రీ పగలూ ఆ నీళ్ళలోనే బతుకుతుంది. వారాల తరబడి వచ్చిన మురుగుకు అది సాక్షి. దానికి లంచం ఇవ్వడం ఎవరి వల్లా కాదు.

నాచు అంటే ఒక్కటే వస్తువు అని మనం అనుకుంటాం. నిజానికి అందులో వందల రకాలున్నాయి. చాలావాటిని సూక్ష్మదర్శినిలోనే చూడగలం. మూడు ముఖ్యమైన గుంపులు గుర్తు పెట్టుకుంటే చాలు. మొదటిది ఆకుపచ్చ నాచు. ఇందులో దారాల్లా పెరిగేవి ఉన్నాయి, ఒంటి కణంగా బతికేవీ ఉన్నాయి. రెండోది డయాటములు. వీటికి గాజులాంటి గట్టి పెంకు ఉంటుంది. రాళ్ళ మీద కాలు జారే గోధుమ రంగు పొర ఎక్కువగా వీటిదే. మూడోది నీలి ఆకుపచ్చ నాచు. పేరుకు నాచే అయినా శాస్త్రజ్ఞులు దీన్ని బాక్టీరియా జాతిలో చేర్చారు. మన గొడవంతా ఈ మూడోదానితోనే.

ఆరోగ్యంగా పారే నదిలో ఈ గుంపులన్నీ ఉంటాయి. ఒక్కొక్కటి కొద్దికొద్దిగా, అనేక రకాలుగా ఉంటాయి. వాటిని తిని చిన్న పురుగులు, పురుగులను తిని చేపలు బతుకుతాయి. మురుగు ఎక్కువైతే ముందు సున్నితమైన రకాలు చచ్చిపోతాయి. మురుగును తట్టుకునే నాలుగైదు రకాలు మిగులుతాయి. చివరికి ఒకటో రెండో నీళ్ళన్నీ ఆక్రమించుకుంటాయి. అంటే పచ్చదనం ఎక్కువైనంత మాత్రాన నదికి ప్రాణం ఎక్కువైందని కాదు. రకాలు ఎన్ని మిగిలాయన్నదే అసలు లెక్క. ఊరంతా పచ్చగా ఉన్న చెరువులో రకాలు లెక్కపెడితే రెండే తేలవచ్చు. ఆ చెరువు జబ్బు పడిందని అర్థం.

ఇది ఇవాళ పుట్టిన విద్య కాదు. జర్మనీలో 1900 తర్వాతి పదేళ్ళలోనే కోల్క్‌విట్జ్, మార్సన్ అనే ఇద్దరు నీటి జీవులను బట్టి నది మురికిని వర్గాలుగా విడదీశారు. మన తెలుగు గడ్డ మీద హైదరాబాదులో వి. వెంకటేశ్వర్లు అనే వృక్షశాస్త్రవేత్త మూసీ నదిలోని నాచులకూ నీటి కాలుష్యానికీ ఉన్న సంబంధాన్ని పరిశోధించి 1969లో ప్రచురించారు. అదే 1969లో అమెరికాకు చెందిన పామర్ అనే ఆయన మురుగును తట్టుకునే 20 నాచు జాతులకు మార్కులు వేశారు. యూగ్లీనాకు 5, ఆసిలటోరియాకు 5, క్లామిడోమొనాస్‌కు 4, సెనెడెస్మస్‌కు 4, క్లోరెల్లాకు 3 – ఇలా. ఒక చోట దొరికిన జాతుల మార్కులన్నీ కూడితే 20 గానీ అంతకు పైన గానీ వచ్చిందనుకోండి, ఆ నీళ్ళలో సేంద్రియ మురుగు బాగా ఉందని ఖాయం. 15 నుంచి 19 వస్తే ఉండవచ్చని అనుమానం.

పేర్లు నోరు తిరగకపోయినా పరవాలేదు. లెక్క మాత్రం మనకు అర్థం కానిదేమీ కాదు. పిక్కులు లెక్కపెట్టి కూలి కట్టేవాళ్ళం, మార్కులు కూడడం రాదా? కాలేజీలో వృక్షశాస్త్రం చదివే పిల్లలు ఒక సూక్ష్మదర్శినితో ఈ పరీక్ష చేయగలరు. దీనికి కోట్లు అక్కరలేదు. చేయాలన్న మనసు కావాలి.

భీమా మీద ఏం జరుగుతోంది?

1877లో పాత మిల్లు మొదలైన నాటి నుంచి ఈ సోలాపూర్ బతికింది రెండింటి మీద: నూలు, నీళ్ళు. 1871లో పూర్తయిన హిప్పరగా చెరువు ఊరికి మొదటి పెద్ద ఆధారం. ఊరు పెరిగాక ఆ చెరువు చాలలేదు. భీమా నది మీద టాకళీ నుంచి నీళ్ళు తెచ్చారు. తర్వాత నేరుగా ఉజని డ్యాము నుంచి పైపు వేశారు. ఇప్పుడు మన కుండలో ఉన్న నీళ్ళలో ఎక్కువ భాగం ఉజనివే. నేరుగా పైపులో వచ్చినా, నదిలో వదిలి టాకళీ దగ్గర ఎత్తినా, మూలం అదే.

ఉజనికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి? భీమశంకరం కొండల్లో పుట్టిన భీమాలో దారిలో ఇంద్రాయణి కలుస్తుంది. ములా, ముఠా కలిసి వచ్చి చేరుతాయి. పవనా ములాలో కలుస్తుంది. ఈ నదులన్నీ పుణె, పింప్రి-చించ్‌వడ్ నగరాల మధ్య నుంచి, వాటి చుట్టూ ఉన్న కార్ఖానాల పక్క నుంచి వస్తాయి. ఆ నగరాల మురుగులో శుద్ధి కానిది నదిలో పడుతుంది. నదిలో పడింది ఉజనిలో ఆగుతుంది. డ్యాములో పట్టేది మొత్తం సుమారు 117 టి.ఎం.సి. అందులో సగానికి మించి అడుగు నిల్వే. అంటే వచ్చిన మురుగు కొట్టుకుపోవడం తక్కువ, పేరుకోవడం ఎక్కువ.

మురుగులో నాచుకు కావలసిన తిండి ఉంటుంది. మలమూత్రాల్లో నత్రజని, సబ్బు పొడుల్లో భాస్వరం, పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువు – ఇవన్నీ చేను మీద వేస్తే పైరుకు బలం, చెరువులో వేస్తే నాచుకు బలం. దానికి తోడు నీళ్ళు కదలకుండా నిలవాలి, ఎండ తగలాలి, వేడెక్కాలి. ఉజనిలో మూడూ ఉన్నాయి. అప్పుడు నీలి ఆకుపచ్చ నాచు గెలుస్తుంది. దీని కణాల్లో గాలి బుడగల్లాంటివి ఉంటాయి. కావాలంటే పైకి తేలి ఎండ కాచుకుంటుంది, మిగతా రకాలకు వెలుతురు అందకుండా చేస్తుంది. చిన్న పురుగులు దీన్ని తినడానికి ఇష్టపడవు. అందుకే ఒకసారి పట్టు దొరికితే మిగతా రకాలన్నీ వెనకపడతాయి. ఉజనిలో మైక్రోసిస్టిస్ అనే ఈ జాతి నాచు పచ్చరంగు పోసినట్టు పరుచుకోవడం శాస్త్రజ్ఞులు నమోదు చేసిన విషయమే.

చేపలకు కూడా ఇదే గండం. పగలు నాచు ప్రాణవాయువు వదులుతుంది, రాత్రి అదే పీల్చుకుంటుంది. గుట్టలుగా చచ్చి కుళ్ళినప్పుడు నీళ్ళలో ఉన్నదంతా లాగేస్తుంది. తెల్లారేసరికి చేపలు తెల్లటి పొట్టలతో తేలుతాయి. మన సిద్ధేశ్వర చెరువులో ఈ దృశ్యం ఊరంతా చూసిందే.

2016లో పుణె ములా-ముఠా శుద్ధి కోసం జపాన్ సంస్థ అప్పుతో సుమారు 990 కోట్ల రూపాయల పథకం మంజూరైంది. 11 శుద్ధి కేంద్రాలు కట్టాలి, రోజుకు 39.6 కోట్ల లీటర్ల మురుగు శుద్ధి చేయాలి. 2022 మొదట్లో పూర్తి కావలసింది. ఆ గడువు దాటిపోయింది. అదే 2016లో పండరిపురంలో చంద్రభాగగా పిలిచే మన భీమా కోసం "నమామి చంద్రభాగ" అని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. పేరు పెట్టడంలో ఆలస్యం కాలేదు. పనిలోనే ఆలస్యం.

ఇక కొత్త పైపులైను మాట. ఉజని నుంచి సోలాపూర్‌కు రోజుకు 17 కోట్ల లీటర్లు తెచ్చే సమాంతర జలవాహిని వేశారు. మంచిదే. దాని కోసం ఊరంతా ఏళ్ళ తరబడి అడిగింది. కాని పైపు లావైతే నీళ్ళు ఎక్కువ వస్తాయి గానీ, నీళ్ళు శుభ్రం కావు. డ్యాములో ఏది ఉంటే పైపులో అదే వస్తుంది. 2024లో వర్షాలు రాకముందు ఉజని నిల్వ మైనస్‌లోకి దిగిపోయింది. అలాంటప్పుడు అడుగున మిగిలిన నీళ్ళలో మురుగు పాలు ఇంకా ఎక్కువ. "నీళ్ళు ఎన్ని?" అన్న ప్రశ్నకు జవాబు వచ్చింది. "ఎలాంటి నీళ్ళు?" అన్న ప్రశ్న అలాగే ఉంది.

విషం సంగతి తెలుసుకోవాలి

"పటిక వేస్తే దిగిపోతుంది" అన్న మాట సగమే నిజం. పటిక నాచు కణాలను ముద్ద కట్టించి కిందికి దించుతుంది. కాని మైక్రోసిస్టిస్ వంటి కొన్ని రకాల నీలి ఆకుపచ్చ నాచు మైక్రోసిస్టిన్ అనే విషం తయారు చేయగలదు. కణం బతికి ఉన్నంతవరకు విషం లోపలే ఎక్కువగా ఉంటుంది. కణం పగిలితే నీళ్ళలో కలుస్తుంది. కలిసిన విషాన్ని పటిక ఆపలేదు. మరిగిస్తే పోతుందా? క్రిములు చస్తాయి, ఈ విషం మాత్రం పోదు. నాచు నిండిన నీళ్ళలో ముందే గట్టిగా క్లోరిన్ కొడితే కణాలు పగిలి విషం బయటపడుతుంది. కాబట్టి ముందు కణాలను తీసివేయాలి, తర్వాత క్లోరిన్ వేయాలి, అవసరమైతే మధ్యలో ఉత్తేజిత బొగ్గుతో వడకట్టాలి. ఈ వరుస నీటి శుద్ధి కేంద్రంలో జరగవలసిన పని. ఇంట్లో గుడ్డతో వడకట్టే మన అక్కచెల్లెళ్ళ మీద వేయవలసిన పని కాదు.

ఇది కాలేయాన్ని దెబ్బతీసే విషం. బ్రెజిల్ దేశంలో కరువారు అనే ఊళ్ళో 1996లో ఏం జరిగిందో వినండి. కిడ్నీ రోగులకు రక్తం శుద్ధి చేసే ఆసుపత్రికి నాచు పట్టిన జలాశయం నీళ్ళు సరిగా శుద్ధి చేయకుండా వచ్చాయి. ఈ విషంతో యాభై మందికి పైగా రోగులు చనిపోయారు. అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న టొలిడో నగరంలో 2014 ఆగస్టులో నల్లా నీళ్ళలో ఈ విషం తేలింది. నాలుగు లక్షల మందికి పైగా జనానికి "నల్లా నీళ్ళు తాగవద్దు, మరిగించి కూడా తాగవద్దు" అని నగరపాలకులు చెప్పారు. రెండు మూడు రోజులు సీసా నీళ్ళతో గడిపారు. అక్కడ పరీక్ష చేశారు కాబట్టి తెలిసింది, తెలిసింది కాబట్టి చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవితాంతం తాగే నీళ్ళలో ఈ విషం లీటరుకు ఒక మైక్రోగ్రాము మించకూడదని హద్దు పెట్టింది.

మేము ఎవరినీ భయపెట్టడానికి ఇది రాయడం లేదు. మన నల్లాలో విషం ఉందని మేము అనడం లేదు. విషం చేయగల నాచు మనం తాగే డ్యాములో పెరుగుతోంది, కాబట్టి పరీక్ష చేసి ఫలితం జనానికి చెప్పండి అంటున్నాం. పెద్దలు తాగిన చెరువు వేరు. ఆ చెరువులోకి అర కోటి జనం మురుగు రాలేదు.

మన రంగుల కార్ఖానాల మాట

పుణె మురుగు గురించి ఇంత మాట్లాడి, మన పక్కనే అక్కల్‌కోట్ రోడ్డు వైపు ఉన్న రంగుల ఇళ్ళ గురించి మాట్లాడకపోతే న్యాయం కాదు. చద్దరు, టవలు మన ఊరికి పేరు తెచ్చాయి. ఆ చద్దరుకు రంగు వేసిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి?

సైజింగ్‌లో వాడిన గంజి కడిగితే నీళ్ళలో కుళ్ళే సరుకు చేరుతుంది. బ్లీచింగ్‌లో కాస్టిక్, క్లోరిన్ పోతాయి. రియాక్టివ్ రంగులు నూలుకు పట్టడానికి బస్తాల కొద్దీ ఉప్పు వేస్తారు. ఆ ఉప్పంతా నీళ్ళతోనే బయటికి వస్తుంది. వేసిన రంగులో కొంత నూలుకు పట్టదు, అదీ మోరీలో పోతుంది. రంగు నీళ్ళలో వెలుతురు దిగదు. వెలుతురు లేకపోతే మంచి నాచు రకాలు బతకవు, మొండి రకాలు మిగులుతాయి. అంటే పుణె మురుగు నాచుకు తిండి పెట్టి రకాలను తగ్గిస్తే, మన రంగు నీళ్ళు వెలుతురు ఆపి రకాలను తగ్గిస్తాయి. దారులు వేరు, ఫలితం ఒక్కటే. మన ఊరి మోరీలు, నాలాలు చివరికి చేరేది సీనాకు, భీమాకే.

ఈ మాట ఎత్తగానే కొందరు మాలకులు ఏమంటారో మాకు తెలుసు. "శుద్ధి ప్లాంటు పెట్టమంటే కార్ఖానా మూసుకోవాల్సిందే. మీ కార్మికులే రోడ్డున పడతారు." ఈ బెదిరింపులో కొంత అనుభవం ఉంది కాబట్టి దాన్ని తేలిగ్గా కొట్టివేయం. మిల్లులు ఒక్కొక్కటే మూతబడి భోంగా ఆగిపోయిన ఊరు మనది. పని పోవడం అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

తమిళనాడులో తిరుప్పూర్ కథ చూడండి. అక్కడ రంగుల కార్ఖానాల నీళ్ళు నొయ్యల్ నదిలో పోయాయి. దిగువన ఒరత్తుపాళయం డ్యాము రంగునీళ్ళ గుంటగా మారింది. రైతులు కోర్టుకు వెళ్ళారు. ఏళ్ళ తరబడి గడువులు ఇచ్చినా మాలకులు మారలేదు. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఏడు వందలకు పైగా రంగుల కార్ఖానాలను మూయించింది. దెబ్బ ఎవరికి తగిలింది? ఊళ్ళు వదిలి వచ్చిన కార్మికులకు తగిలింది. తర్వాత ప్రభుత్వం వడ్డీ లేని అప్పు ఇచ్చింది, ఉమ్మడి శుద్ధి కేంద్రాలను బాగుచేశారు, చుక్క నీరు బయటికి పోని పద్ధతి మీద కార్ఖానాలు మళ్ళీ తెరిచారు. అదే పని పదేళ్ళ ముందు చేసి ఉంటే ఒక్క కార్మికుడి పొయ్యి ఆరేది కాదు.

ఇంకొకటి మన రాష్ట్రంలోనిదే. మనలాగే మగ్గాల ఊరైన ఇచల్‌కరంజిలో 2012లో కామెర్లు ఊరంతా పాకాయి. పంచగంగ నది మురుగు మీద ఎంత గొడవ జరిగిందో పత్రికలు చదివేవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అక్కడ మంచం పట్టినవాళ్ళలో మగ్గం కార్మికుల కుటుంబాలే ఎక్కువ కనిపించే ఊరు అది.

ఈ రెండు ఊళ్ళ నుంచి మేము నేర్చుకున్నది ఇది. మురుగు శుద్ధి చేయడం వల్ల కార్ఖానా మూతపడదు. శుద్ధి చేయకుండా లాగుతూ పోతే ఒకరోజు కోర్టు వచ్చి మూస్తుంది. అందుకే నీళ్ళ శుద్ధి కోరడం మన ఉద్యోగాలను కాపాడుకోవడమే. ఒంటరిగా ప్లాంటు పెట్టలేని చిన్న కార్ఖానాదారు ఉన్నాడు, నిజమే. ఆయనకు ఉమ్మడి ప్లాంటు కావాలి, ప్రభుత్వ సాయం కావాలి. ఆ మాట మేము కూడా ఆయనతో కలిసి అడుగుతాం. లాభం వచ్చిన ఏళ్ళలో ప్లాంటు మాట ఎత్తకుండా, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున కార్మికుడి పొట్టను అడ్డం పెట్టుకునే పెద్ద మాలకుడితో మాత్రం కలవం.

భారం మోసేది ఎవరు?

నీళ్ళు పచ్చబడితే డబ్బున్న ఇంట్లో ఫిల్టరు యంత్రం వస్తుంది. మన ఇంట్లో ఏం వస్తుంది? జారు నీళ్ళ ఖర్చు వస్తుంది. వారం పగారులోంచి నీళ్ళకు తీసి పక్కన పెట్టాల్సి వస్తుంది. పిల్లకు విరేచనాలైతే పాళీ పోతుంది. పాళీ పోతే కూలి పోతుంది. అర్ధరాత్రి నల్లా వస్తే నిద్ర పోయేది ఆడవాళ్ళకు. పొద్దున మళ్ళీ బీడీల చాట ముందు కూర్చోవలసిందీ వాళ్ళే. ఈ లెక్కలు ఏ బడ్జెట్‌లోనూ కనబడవు.

ఇంకో మాట. మనలో చాలామంది మూలం సిరిసిల్ల, కరీంనగర్, పాలమూరు, నల్లగొండ వైపు. భీమా ఇక్కడితో ఆగదు. కర్ణాటక దాటి తెలంగాణ సరిహద్దులో కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి ఆ నీళ్ళు జూరాలకు చేరతాయి. పుణె మనకు పంపింది మనం తాగుతున్నాం. మనం వదిలింది పాలమూరులో మనవాళ్ళ వైపు పోతోంది. ఎగువవాళ్ళను తిట్టే హక్కు మనకు ఉంది. దిగువవాళ్ళ పట్ల బాధ్యత కూడా అంతే ఉంది.

మేము కోరేది

1. ఉజని, టాకళీ, హిప్పరగా – ఈ మూడు చోట్లా నాచు రకాల లెక్క నెలకొకసారి, ఎండాకాలంలో వారానికొకసారి తీయాలి. నీలి ఆకుపచ్చ నాచు ఎక్కువైనప్పుడు మైక్రోసిస్టిన్ పరీక్ష తప్పనిసరిగా చేయాలి. ఊళ్ళోని విశ్వవిద్యాలయం, కాలేజీల వృక్షశాస్త్ర విభాగాలను ఇందులో చేర్చాలి.

2. ఫలితాలను మరాఠీలో, తెలుగులో, కన్నడంలో, ఉర్దూలో ప్రతి వార్డు కార్యాలయం బోర్డు మీద పెట్టాలి. ఆఫీసు ఫైలులో దాచడానికి కాదు పరీక్ష.

3. నీటి శుద్ధి కేంద్రాల్లో నాచు కణాలను తీసివేశాకనే క్లోరిన్ వేసే పద్ధతి పాటించాలి. అవసరమైన కాలంలో ఉత్తేజిత బొగ్గు వాడాలి. డయాలిసిస్ చేసే ప్రతి ఆసుపత్రికీ నీటి పరీక్ష సమాచారం ముందుగా అందాలి.

4. పుణె, పింప్రి-చించ్‌వడ్ మురుగు శుద్ధి పనులకు కొత్త గడువు ప్రకటించాలి. ఆ గడువును కాపలా కాసే కమిటీలో దిగువన తాగే సోలాపూర్ జిల్లా జనానికి చోటు ఇవ్వాలి.

5. రంగుల కార్ఖానాల మురుగు మొత్తం శుద్ధి అయ్యాకే బయటికి రావాలి. చిన్న కార్ఖానాలకు ఉమ్మడి కేంద్రంలో చోటు, వడ్డీ లేని అప్పు ఇవ్వాలి. శుద్ధి పనుల కోసం కార్ఖానా ఆపితే ఆ రోజుల పగారు కార్మికులకు పూర్తిగా చెల్లించాలి.

6. గంజి, రంగు, బ్లీచింగ్ ఖాతాల్లో చేతులు రసాయనాల్లో పెట్టే కార్మికులకు గ్లవ్సులు, బూట్లు, ఏడాదికొకసారి ఆరోగ్య పరీక్ష ఇవ్వాలి. నదిని పాడుచేసే నీళ్ళు ముందు తాకేది వాళ్ళ చేతులనే.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లోనే వచ్చింది. పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996లో వెల్లూరు తోళ్ళ కార్ఖానాల కేసులో చెప్పింది. 2005 నుంచి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. పది రూపాయల ఫీజుతో ఒక దరఖాస్తు రాస్తే పరీక్షల కాగితాలు అడగవచ్చు. రాయడం రానివారు యూనియన్ ఆఫీసుకు రండి, రాసి పెడతాం.

అప్పటిదాకా ఇంట్లో కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. డ్రమ్ములు, హౌజులు మూతపెట్టి వెలుతురు తగలకుండా ఉంచండి. వెలుతురు లేకపోతే నాచు పెరగదు. వారానికొకసారి ఖాళీ చేసి గోడలు రుద్ది కడగండి. తాగే నీళ్ళు మరిగించడం మానకండి, క్రిముల నుంచి అది కాపాడుతుంది. కాని నీళ్ళు స్పష్టంగా పచ్చగా, వాసనతో వచ్చిన రోజున మరిగించినా నమ్మవద్దు. చంటిపిల్లలకు, గర్భిణులకు, కాలేయం, కిడ్నీ జబ్బులున్నవారికి ఆ నీళ్ళు ఇవ్వవద్దు. తెల్ల గాజు సీసాలో ఆ నీళ్ళు పట్టి, తేదీ, సందు పేరు రాసి యూనియన్ ఆఫీసుకు తెండి. పది సందుల నుంచి పది సీసాలు ఒకే రోజు టేబులు మీద పెడితే ఏ ఆఫీసరూ "మాకు ఫిర్యాదు రాలేదు" అనలేడు.

సోదర సోదరీమణులారా! పగారు పోరాటంలో మనం ఒక్కొక్కరుగా వెళ్ళినప్పుడు గేటు దగ్గరే ఆపారు. కలిసి వెళ్ళినప్పుడు లోపలికి పిలిచి కుర్చీ వేశారు. నీళ్ళ పోరాటం కూడా అంతే. సీసాలు పట్టుకొని రండి. ముందు లెక్క అడుగుదాం. లెక్క చెప్పకపోతే ఏం చేయాలో మన కార్మికులకు తెలుసు.